పెంచలమ్మ పిలిచిన పేరు

నిన్న మా బడి గేటు ముందు నుంచి నారుకట్టలు వేసుకుని ఒక ట్రాలీ ఆటో పోయింది. తడి నారు వాసన, వేళ్లకు అంటిన పచ్చి బురద వాసన తరగతి గదిలోకి వచ్చి కూర్చున్నాయి. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం చెబుతున్న పాఠం మధ్యలో ఆపేసి, నోటిదాకా వచ్చిన ఒక పేరును పళ్ల మధ్య బిగబట్టుకున్నాను. ఇంకొంచెమైతే ఆ పేరు పెట్టి గట్టిగా పిలిచేదాన్నే. పిలిస్తే ఎవరైనా పలికి ఉంటే? ఆ భయం నాకుంది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

జానపదమంటే చెవి కోసుకునేవాళ్లం కొందరం ఫోన్లో ఒక గుంపుగా ఉన్నాం. వారానికొకరు తమకు నచ్చిన గాయకుల గురించి చెప్పాలి. ఒకరు పంబ వాయించేవాళ్లను, ఇంకొకరు తత్వాలు పాడే ముసలాయనను పరిచయం చేస్తారు. నా వంతు వచ్చినప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటున్నాను. నాకు తెలిసిన గొప్ప గాయని ఒక్కతే. ఆమె ఏనాడూ వేదిక ఎక్కలేదు. పేరు పెంచలమ్మ. తోటపల్లి గూడూరు దగ్గర ఒక పల్లెలో, వరినాట్లకు పోయే ఆడవాళ్ల వరసను పాటతో నడిపించేది. ఆమె గురించి ఈసారి రాయక తప్పదు.

నాయుడుపేట నుంచి ఆ పల్లె బడికి తెలుగు టీచరుగా బదిలీ మీద వచ్చిన ఏడాది, ఒక ఆదివారం ఫోను పట్టుకుని ఆమె నాటు వేసే కయ్య దగ్గరికి, అంటే వరిమడి దగ్గరికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. పెంచలమ్మతో కలిపి ఏడుగురు ఆడవాళ్లు నడుం వంచి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ నాటుతున్నారు. ఆమె ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ పాడుతోంది: “నడుం వంచు రమణమ్మా, వరస తప్పకు రమణమ్మా.” రమణమ్మ తలెత్తకుండానే “ఉన్నా” అంటుంది. ఎవరూ వెనకబడకుండా, ఎండకు ఎవరికైనా కళ్లు తిరిగితే వెంటనే తెలిసేలా వాళ్లు పెట్టుకున్న పద్ధతి అది. అందరి పేర్లూ అయ్యాక ఇంకో పేరు వచ్చింది. “వరస తప్పకు మస్తానమ్మా.” ఎవరూ పలకలేదు. అందరి చేతులూ ఆగాయి. ఒక ఊపిరంతసేపు అయ్యాక పాట మళ్లీ మొదటి పేరుకు వెళ్లింది.

రెండుసార్లు రికార్డు చేశాను. రెండుసార్లూ అక్కడే ఖాళీ. ఆ మస్తానమ్మ ఎవరో పరధ్యానం మనిషి, నా రికార్డింగు పాడుచేస్తోందని చిర్రెత్తుకొచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మూడోసారి ఆ పేరు రాగానే గట్టు మీద నుంచి నేనే “ఉన్నా” అన్నాను.

పాట తెగిపోయింది. ఒకావిడ చేతిలో నారు వదిలేసి, గట్టెక్కి వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. పెంచలమ్మ వంగినది వంగినట్టే ఉండి అడిగింది.

“ఎవురు పలికింది?”

“నేనేనక్కా. ఆమె మర్చిపోయిందేమోనని…”

“మర్చిపోలా. చచ్చిపోయింది. నా చెల్లెలు.” అప్పుడు తల నా వైపు తిప్పింది. “పలికినదానివి గట్టు మీద ఉండబాక. దిగు.”

దిగాను. ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి ఉందని అప్పుడు గమనించాను. అందులో కాలు పెడితే, ఎవరో అప్పుడే కాలు తీసిన గుంట ఉన్నట్టు నా పాదం సరిగ్గా సరిపోయింది.

ఆ సాయంత్రం కాలవ దగ్గర ఆమే చెప్పింది. నాట్ల రోజుల్లో వరసలో మనిషి పోతే, ఆ ఏటి నాట్లు ముగిసేదాకా పాటలో ఆమె పేరు పిలుస్తారు. ఆఖరి రోజున, ఆమె చివరగా నాటిన కయ్యలో నిలబడి సాగనంపే చరణం పాడతారు: “గట్టెక్కు మస్తానమ్మా, కాళ్లు కడుక్కో మస్తానమ్మా.” దాంతో ఆమె పని అయిపోయినట్టు. ఆ తర్వాత ఆ పేరు ఎవరూ పిలవరు. అయితే మస్తానమ్మ నాటు వేస్తూ వేస్తూ గుండె ఆగి పడిపోయిన ఏడు, ఆఖరి రోజు రాకముందే ఆ కయ్యను రొయ్యలకు ఇచ్చేశారు. యంత్రాలొచ్చి తవ్వేశాయి. నీళ్లు పెట్టేశారు.

“పన్నెండేళ్లయింది టీచరమ్మా, అది నడుం ఎత్తలా,” అంది పెంచలమ్మ దూరంగా కనబడే రొయ్యల గుంట వైపు చూస్తూ. “ఆ ఉప్పునీళ్ల కింద వంగే ఉండాది.” నీళ్ల మీద రొయ్యలకు గాలి ఆడించే చక్రాలు తిరుగుతూ నురగ కక్కుతున్నాయి. ఆమె రొయ్య ముట్టదని ఊళ్లో అందరికీ తెలుసు. ఎందుకో నాకు ఆ రోజు తెలిసింది.

నోరు జారినందుకు నాకు పడిన శిక్ష, ఆదివారమాదివారం ఆ వరసలో నిలబడడం. అలా ఆమెకు శిష్యురాలినయ్యాను. నాకు రాగం కుదరదని ముందే చెప్పేశాను. “గొంతుదేముందిమే, కప్పకీ ఉండాది. పిలిచినాక ఆగు. పలికేదాకా ఆగు,” అనేది. నేనేమో బడిలో హాజరు పిలిచేటప్పుడు ఒక పిల్ల పలికేలోపే తర్వాతి పేరుకు దూకే రకం. నోరు విప్పని పిల్ల వైపు చూసి ఆగడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

మొదటి రికార్డింగును, అంటే నేను పలకనిదాన్ని, ఒకసారి మా గుంపులో పంపాను. కోవూరు స్నేహితురాలు ఒకామె జవాబు రాసింది, చివరి పేరుకు ‘ఉన్నా’ అన్న గొంతు ఎవరిది, ఎంత బాగుందో అని. నేను పదిసార్లు విన్నాను. నీళ్ల చప్పుడు, ఒక కొంగ అరుపు తప్ప నాకేమీ వినబడలేదు. వెంటనే గుంపులోంచి తీసేశాను. ఈ సంగతి చెబితే పెంచలమ్మ జడుసుకుంటుందనుకున్నాను. ఆమె చేతిలో పని వదిలేసి నా మోచెయ్యి పట్టుకుంది.

“ఎట్టా పలికిందంట? అలిసిపోయినట్టు పలికిందా?”

నాకు ఏడుపొచ్చింది.

ఆ ఎండాకాలం రొయ్యలు పట్టేశాక గుంట నీళ్లు తోడేసి ఎండగట్టారు. నేనే పరుగున పోయి చెప్పాను, నేల బయటపడిందక్కా, ఇక సాగనంపవచ్చు అని. పొద్దున్నే వెళ్లాం. చక్రాలు కదలకుండా ఉన్నాయి. నల్లటి అడుసు నీచు కంపు కొడుతోంది. ఆమె వెతుక్కోకుండా నడిచి ఒకచోట ఆగి, నడుం వంచి పాట ఎత్తుకుంది. “వరస తప్పకు మస్తానమ్మా.” ఆగింది. మా కాళ్ల ముందు అడుసులోంచి ఒకే ఒక్క బుడగ పైకి వచ్చి పగిలింది. ఇక “గట్టెక్కు” అనాలి. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ అక్కడే ఆగిపోయింది. చివరికి నడుం ఎత్తి, “పద, పోదాం,” అంది.

దారిలో చెప్పింది. “ఏటేటా ఎండగడతానే ఉండారు టీచరమ్మా. నాకు తెలీదా? ఏటేటా వస్తానే ఉండా. దాన్ని పంపించేస్తే ఇంక నేనెవుర్ని పిలవాల?”

నాకు ఒళ్లు మండిపోయింది. “అంటే ఇన్నేళ్లుగా చెల్లెల్ని బురదలో నిలబెట్టింది నువ్వేనా?” అని అరిచాను. ఆమె తల వంచుకుని నడిచింది. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ కుమిలిపోతుంటాను.

పోయిన ఏడు నాట్లు జరుగుతుండగానే పెంచలమ్మ మంచం పట్టింది. అప్పటికి చాలా కయ్యల్లో యంత్రాలే నాటుతున్నాయి. మా వరసలో ఆమె కాక నలుగురం మిగిలాం. చూడడానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుంది. “నా చేత కాలా. నువ్వు పంపించు. ముందు దాన్ని, ఆనక నన్ను. ఇద్దర్నీ ఆడ్నే పంపించు. కోపిష్టిదానివి, నీకయితే చేతనవుద్ది.” సరేనన్నాను. వారం తిరక్కుండానే పోయింది.

మొన్న ఎండాకాలం గుంట ఎండగట్టగానే ఒక్కదాన్నే వెళ్లాను. ఆమె నిలబడిన చోటే నిలబడ్డాను. మస్తానమ్మను పిలిచాను, ఆగాను, గట్టెక్కమని, కాళ్లు కడుక్కోమని పాడేశాను. గొంతు వణకలేదు. నేను చూసైనా ఎరగని మనిషి, వెళ్లిపోతే నాకేమిటి? గట్టు మీది గడ్డి ఒక్కచోట మాత్రం వంగి, మళ్లీ లేచింది. గాలి లేదు.

తర్వాత “వరస తప్పకు పెంచలమ్మా” అన్నాను. ఆమె నేర్పినట్టే ఆగాను. చాలాసేపు ఆగాను. నా ఎడమ పక్కన ఎవరో నడుం వంచి, నేను అనబోయే మాట కోసం ఊపిరి బిగబట్టి ఉన్నట్టు స్పష్టంగా తెలిసింది. భయం వేయలేదు. సంతోషం వేసింది, సిగ్గుపడాల్సినంత సంతోషం. ఒక్క మాట అంటే చాలు, ఆమె కాళ్లు కడుక్కుని వెళ్లిపోతుంది. ఆ మాట అనకుండానే ఇంటికి వచ్చేశాను.

మళ్లీ నాట్లు మొదలయ్యాయి. ఆదివారాలు వెళ్తున్నాను. మిగిలిన ముగ్గురూ నన్నేమీ అడగరు. అందరి పేర్లూ అయ్యాక ఆమె పేరు పిలుస్తాను. వచ్చే ఎండాకాలం తప్పకుండా పంపించేస్తానక్కా అని మనసులో చెప్పుకుంటాను. ఆమె ఇన్నేళ్లూ చెల్లెలికి ఏం చెబుతూ వచ్చిందో నాకిప్పుడు తెలుసు.