ఎవరూ పరిగెత్తని శనివారం

మా చిన్నప్పటి శనివారాలకు తడి గడ్డి వాసన ఉండేది... ఈ పరాయి దేశంలో, పెండిల్ హిల్‌లో మా వీధి చివరే రగ్బీ మైదానం. చలికాలం పొద్దున్నే దిగితే మోకాళ్లు కొయ్యబారిపోయేవి.

ఇదంతా తియ్యగా రాద్దామనే కూర్చున్నాను. కానీ మొన్న ఎవరో ఆ మైదానం ఫొటో పెట్టి "గోల్డెన్ డేస్" అని రాస్తే, కింద మన తెలుగు అంకుల్స్ వరసగా ఏడుపు బొమ్మలు పెట్టారు. అవి చూసి ఒళ్లు మండింది. అందుకే ఇలా రాస్తున్నాను.

ఆ క్లబ్ అంటే నిజానికి ఒక్క మనిషి... డాన్ ఆంటీ అనే తెల్లావిడ. ఆవిడ పిల్లలు పెద్దవాళ్లై ఆట మానేసి ఎన్నేళ్లయిందో! ఆవిడ మాత్రం మానలేదు. మైదానంలో తెల్ల గీతలు గీసేది ఆవిడే, ఆట విరామంలో పిల్లలకు నారింజకాయలు కోసిచ్చేది ఆవిడే, సాసేజ్‌లు కాల్చి అమ్మేది ఆవిడే. బురద జెర్సీలన్నీ మూట కట్టుకుని పోయి, ఉతికి దండెం మీద ఆరేసేది కూడా ఆవిడే.

జట్టుకు పిల్లలు చాలక తమ్ముడితో పాటు నన్నూ చేర్చుకుంది. ఆ వయసు జట్లలో ఆడపిల్లలూ ఆడొచ్చు. నేను వేగంగా పరిగెత్తగలనని నాకు మొదట చెప్పిన మనిషి ఆవిడ...

మరి మనవాళ్లు? పిల్లల్ని కారులోంచి దింపి, కిటికీ అద్దం ఎత్తేసి వెళ్లిపోయేవారు. ఎవరింటికి ఏ వారం పని పడిందో క్లబ్ గోడ మీద కాగితం అంటించి ఉండేది. మా నాన్న పేరు పక్కన ఒక్కసారి కూడా టిక్కు పడలేదు.

అవి Y2K రోజులు. నాన్న పారమట్టాలో ఒక ఆఫీసులో పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసేవారు. "రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచమంతా వణికిపోతంటే, నేనెళ్లి గడ్డిలో గీతలు గీయాలా?" అనేవారు. అమ్మ నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు.

ఆ ఏడాది అప్పటికే రెండుసార్లు పిల్లలు చాలక ఆట వదులుకున్నాం. మూడోసారీ అలా జరిగితే జట్టును పోటీల్లోంచి తీసేస్తారు. క్లబ్‌లో మిగిలింది మా జట్టొక్కటే. అది పోతే క్లబ్ మూసుకోవడమే.

ఒక గురువారం సాయంత్రం డాన్ ఆంటీ మా ఇంటికొచ్చింది. చెప్పకుండానే బూట్లు గుమ్మం బయట విప్పింది. అమ్మ టీ, చెక్కలు పెట్టింది. శనివారం తొమ్మిదింటికి ఆట, కనీసం పదిమంది కావాలి, ఇప్పటికి ఎనిమిదిమంది తేలారు, మీ పిల్లలిద్దర్నీ పంపిస్తారా అని నాన్నను అడిగింది.

"ష్యూర్ ష్యూర్... డెఫినెట్‌లీ! నో ప్రాబ్లమ్!" అన్నారు నాన్న.

ఆవిడ మొహం ఎంత తేలికపడిందో నాకింకా గుర్తే... రెండు చేతులతో నాన్న చెయ్యి పట్టుకుని ఊపింది. ఇంకో చెక్క కూడా తింది.

తలుపు వేశాక అమ్మ అంది, "శనివారం పొద్దున్నే శామ్యూల్ గారి గృహ ప్రతిష్ఠ ప్రార్థన కదండీ?"

"తెలుసులే. ఇంటికొచ్చిన మనిషిని మొహం మీద కుదరదంటే ఏం బాగుంటది? ఆవిడే అర్థం చేసుకుంటది."

"బట్ నాన్నా, యూ సెడ్ డెఫినెట్‌లీ!" అన్నాను.

"మర్యాదకి అంటాం రా. పెద్దయితే నీకే తెలుస్తది."

ఫోన్ చేసి చెప్పమని బతిమాలాను. రేపు చేద్దామన్నారు. చెయ్యలేదు.

శనివారం తొమ్మిదింటికి మేం బ్లాక్‌టౌన్ అవతల కొత్తింట్లో ఉన్నాం. రంగుల వాసన, గట్టిగా గంజి పెట్టిన గౌను... ఆటలో పళ్లకు తొడుక్కునే గార్డు నా పిడికిట్లో ఉంది. పెద్దలందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నేను గోడ గడియారం చూస్తున్నాను. తమ్ముడు కూడా అదే చూస్తున్నాడు. నాన్న మీద అంత కోపం అంతకుముందెప్పుడూ రాలేదు.

మధ్యాహ్నం తిరిగొస్తుంటే మైదానం ఖాళీగా ఉంది. డాన్ ఆంటీ ఒక్కతే మూలల్లో పాతిన జెండాలు పీకుతోంది. పొద్దున ఆవిడ గీసిన గీతలు ఒక్క బూటు ముద్ర కూడా లేకుండా తెల్లగా అలాగే ఉన్నాయి. నాన్న హారన్ కొట్టి, నవ్వుతూ చెయ్యూపారు! ఆవిడ ఊపలేదు.

నెల తర్వాత మా ఇద్దరి జెర్సీలు ఇస్త్రీ చేసి తెచ్చి ఇచ్చింది, ఇక వేసుకునేవాళ్లు లేరు, మీరే ఉంచుకోండని. ఈసారి బూట్లు విప్పలేదు.

"డాన్, యూ మస్ట్ కమ్ ఫర్ లంచ్ వన్ డే!" అన్నారు నాన్న.

"డెఫినెట్‌లీ," అందావిడ. మళ్లీ మా గడప తొక్కలేదు.

జనవరి ఒకటిన కంప్యూటర్లేవీ ఆగలేదు. నాన్నకు ఆఫీసువాళ్లు కేకు పెట్టారు. జూన్‌లో ఇక్కడి చలికాలం వచ్చేసరికి మైదానంలో గోల్‌పోస్టులు లేవు... ఇప్పుడక్కడ కుక్కల్ని తిప్పుతారు.

ఇప్పుడు మా అబ్బాయి ఆడే క్లబ్‌లో నారింజకాయలు కోసేది నేను. సాయానికి ఎవరొస్తారని వారం వారం గ్రూపులో మెసేజ్ పెడతాను. బొటనవేలు బొమ్మలు బోలెడు పడతాయి. శనివారం పొద్దున బల్ల దగ్గర నేనొక్కదాన్నే. ఈ క్లబ్ కూడా ఎంతో కాలం ఉండేలా లేదు.

రాలేకపోతే రాలేనని చెప్పండి, దయచేసి. ఆ గురువారం నాన్న ఆ ఒక్క మాట అనుంటే, ఇంకో ఇద్దరు పిల్లల్ని వెతుక్కోవడానికి డాన్ ఆంటీకి శుక్రవారమంతా ఉండేది.

మీ చిన్నప్పటి క్లబ్ కూడా మూతపడిందా? కింద రాయండి... ఏడుపు బొమ్మలొద్దు. అది మూతపడిన రోజు మీరెక్కడున్నారో, ఏం చేస్తున్నారో, అదొక్కటీ రాయండి. ముందు నాది రాస్తున్నాను. నేను శామ్యూల్ అంకుల్ కొత్తింట్లో, ఇంకొంచెం బిర్యానీ వెయ్యమని ప్లేటు చాపుతున్నాను.