అవ్వను ముంచాలని ఒకరు... వద్దని ఒకరు

మా చిన్నప్పుడు, పాల్మాకులలో ఒక చలికాలం ఆదివారం పొద్దున... మా చిన్నాయన ఏసోబు మా అవ్వను భుజాన వేసుకొని దిగుడు బావి దిక్కు పరుగెత్తాడు.

అవ్వ అంటే మా బాపుకూ చిన్నాయనకూ కన్నతల్లి. దమ్ము రోగం మనిషి. రెండు మాటలు మాట్లాడితే మూడోది దగ్గే. అయినా చిన్నాయన వీపు మీద పిడికిలితో గుద్దుతూనే ఉంది. "ఇడువురా కొడకా, గద్ద కోడిపిల్లను ఎత్కపోయినట్టు గట్ల ఎత్కపోతున్నవేందిరా?"

మాది పాత సంఘం. తాతల నాటి రాళ్ల గుడిలో అయ్యగారు ఇత్తడి గిన్నెలో నీళ్లు తీసి నెత్తిన చిలకరిస్తే అదే బాప్తిస్మం. బాపు ఆ గుడికి పెద్ద. చిన్నాయనేమో పట్నంలో మేస్త్రీ పనికి పోయి వేరే సంఘంలో చేరాడు. నిండా మునిగితేనే రక్షణ, చిలకరించింది చెల్లదని అక్కడి బోధ.

అప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. అవ్వకు దమ్ము ముదిరిన కొద్దీ ఆయనకు ఏడుపు ముదిరింది. "మార్గం ఒక్కటే అమ్మా. గది తప్పితే నువ్వు నాకు ఆడ పరలోకంల కనబడవు" అని కాళ్లు పట్టుకునేవాడు. అవ్వ "నా మార్గం నాకెరుకనే తియ్" అని ఉడికించిన గుడాల గిన్నె ఆయన ముందుకు జరిపేది.

ఆ పొద్దున మా అమ్మ నన్ను గుడికి తరిమింది. బాపు గంట కొడుతున్నాడు. సంగతి చెప్పగానే తాడు వదిలేశాడు. ఇస్త్రీ చొక్కాతోనే పరుగెత్తుతూ, దారిలో కంచెకున్న తుమ్మకొమ్మను ముళ్లతో సహా పీకాడు.

మేము చేరేసరికి అవ్వ పాదాలు నీళ్లలో ఉన్నాయి...

"ఏసోబూ, అమ్మను పైకి తే. దమ్ము మనిషిని ముంచితే ఊపిరాడక సస్తది."

"ముంచకుంటే నరకంల పడ్తది అన్నా. నువ్వే చెప్పు, ఏది నయం?"

బాపు మెట్లు దిగాడు. తుమ్మకొమ్మతో తమ్ముడి మొహం మీద కొట్టాడు. ముళ్లు చెంపలోకి దిగి, లాగినప్పుడు చర్మం చీరుకుపోయింది. చిన్నాయన అవ్వను మెట్టు మీద జాగ్రత్తగా, కొంగు సర్ది మరీ కూచోబెట్టాడు. ఆ తర్వాత తిరిగి, తలతో బాపు ముక్కు మీద గుద్దాడు. ఎముక విరిగిన చప్పుడు పైనున్న నాకు వినబడింది.

ఇద్దరూ నడుము లోతు నీళ్లలో పడ్డారు. రాతిగోడకు ఒకరి తల ఒకరు కొట్టారు. చిన్నాయన బాపు చెవి కొరికాడు. బాపు మోకాలితో ఆయన పొట్టలో పొడిచాడు. ఆఖరికి బాపుదే పైచేయి అయింది. తమ్ముడి మెడ పట్టి నీళ్లలోకి తొక్కాడు.

"నీకు మునకే గావాలె గద... మునుగు."

బుడగలు వచ్చాయి. తర్వాత బుడగలు ఆగిపోయాయి. బాపు మాత్రం వదల్లేదు.

అవ్వ అరవబోతే దగ్గు అడ్డం వచ్చింది. మెట్ల మీద పాకుకుంటూ దిగి, బాపు జుట్టు రెండు చేతులా పట్టి గుంజింది. అంతలో ఆ బావి మీద మోట తోలే యాదయ్య దూకి ఇద్దరినీ విడదీశాడు. చిన్నాయనను గట్టు మీద బోర్లా వేసి వీపు నొక్కితే నీళ్లూ నెత్తురూ కక్కాడు.

యాదయ్య మైసమ్మకు మొక్కే మనిషి. ఒగరుస్తూ అన్నాడు. "మాకు దేవుళ్లు మస్తుమంది. అయినా ఇంట్ల గిట్ల సంపుకోం. మీకున్నదే ఒక్కడు గదనే, గీ తన్నుకునుడేంది?"

 చిన్నాయన కళ్లు తెరిచి అన్న మొదటి మాట, "అమ్మ బాప్తిస్మం కాలేదా?"

అవ్వ ఆయన చెంప మీద కొట్టింది, ముళ్లు దిగిన చెంప మీదే. తర్వాత బాపును కొట్టింది. చేయి లేవనంత వరకు ఇద్దరినీ కొట్టింది. ఊపిరి అందాక మెల్లగా అంది. "మార్గం ఒక్కటేరా. గది యేసయ్య. బావి గాదు, ఇత్తడి గిన్నె గాదు. నేను ఆ తోవ ఎప్పుడో పట్టిన. ఇయ్యాల తోవ తప్పింది మీరిద్దరు."

ఎండాకాలం రాకముందే అవ్వ పోయింది... మునగకుండానే.

సమాధి దగ్గర అందరం పాట పాడుతుంటే చిన్నాయన నోరు తెరవలేదు. ముక్కు వంకరపోయిన బాపు ఆయన పక్కన నిలబడి, "అమ్మ ఆడనే ఉంటదిరా" అన్నాడు.

"నీకెట్ల ఎరుక అన్నా?"

 బాపు తమ్ముడి భుజం మీద చేయి వేశాడు. చిన్నాయన ఆ చేయి తీసెయ్యలేదు. అంతే.

ఇప్పుడు బాపు కూడా లేడు. చిన్నాయన బడంగ్‌పేట్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. మొన్న చూడటానికి పోతే, ఇన్నేళ్లకు కూడా అదే ప్రశ్న. "మా అమ్మ ఉంటదానే బిడ్డా, ఆడ?"

"యేసయ్యను తప్ప అవ్వ ఇంకెవరిని పిలిచింది చిన్నాయనా" అన్నాను. నేను నమ్మేదే చెప్పాను. ఆయన తలూపాడు. మనసు నిమ్మళమైందో లేదో తెలియదు...

ఇప్పుడు నేనుండే శంషాబాద్‌లో గల్లీకొక మందిరం. నెత్తి మీద విమానం పోయేదాకా పాస్టరుగారు వాక్యం ఆపి, మళ్లీ అందుకుంటారు. మునిగినవాళ్లూ చిలకరించుకున్నవాళ్లూ ఒకే పెళ్లిలో పక్కపక్కన కూచొని బిర్యానీ తింటారు. మంచిదే. ఎవరి నెత్తురూ కారడం లేదు, దేవునికి స్తోత్రం.

కానీ నా పిల్లలు నా బీపీ అడుగుతారు, గోళీలు వేసుకున్నావా అని అడుగుతారు... "అమ్మా, నువ్వు పోతే ఎక్కడికి పోతావు?" అని ఒక్కరూ అడగలేదు.

మీ ఇళ్లలో అడిగేవాళ్లు ఉన్నారా?