పీపాల తాత కెల్లర్‌లో మూడు దెబ్బలు

గడప దాటనివాడే బుద్ధిమంతుడని లోకమంతా ఒప్పుకున్న రోజులవి. నాలాంటి సోమరికి అంతకన్నా మంచికాలం ఏముంటుంది? కానీ ఆ కాలంలోనే నేను ఎన్నడూ లేనంత ఒళ్లొంచి పనిచేశాను, ఎన్నడూ లేనంతగా హడలిపోయాను కూడా. అప్పుడు పరాయి దేశంలో, ఇల్మెనౌ అనే చిన్న ఊళ్లో ఎమ్మెస్ చదువుతున్నాను. స్టూడెంట్లందరూ ఎక్కడివాళ్లక్కడికి సర్దుకోగా ఊరు ఖాళీ అయింది. వేళకి చర్చి గంట మోగేది, ఒక్క మనిషీ కదిలేవాడు కాదు. నేనున్నది ఒక ముసలాయన ఇంటి పైగదిలో. భార్య పోయాక ఆయనకు మిగిలిన సరదా ఒక్కటే, ఇంట్లో బీరు కాచుకోవడం. మూతపడ్డ పబ్బు నుంచి ఏడు పాత స్టీలు పీపాలు తెచ్చుకుని, పైభాగం కోయించి, కాచే గుండిగల్లా వాడుకోవాలని ఇంటికింది నేలమాళిగలో, అదే కెల్లర్‌లో వరసగా పెట్టుకున్నాడు. నేను మనసులో ఆయనకు పెట్టుకున్న పేరు పీపాల తాత. ఆయన నన్ను 'హెర్ ఇంజినీర్', అంటే ఇంజినీరుగారూ, అనేవాడు. (అప్పటికి నాకు రెండు సబ్జెక్టులు మిగిలున్న సంగతి ఆయనకు తెలియదు.)

ఒక ఉదయం తెల్ల సూట్లలో, మొహాలు కనపడకుండా ఇద్దరొచ్చి తాతను స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. గుమ్మం దగ్గర ఆయన ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి, "హెర్ ఇంజినీర్, నా పీపాలు... అద్దంలా మెరవాలి" అన్నాడు. అంత స్థితిలో ఉన్న మనిషి అడిగితే కాదనగలమా? నాకెలాగూ రెండు వారాలు క్వారంటైన్. మర్నాడే ఎమిరీ పేపరు, పాలిష్ పేస్టు పట్టుకుని కెల్లర్‌లోకి దిగాను. ఫోన్లో అమ్మ "ఏం చేత్తన్నావురా?" అంటే, "తాతగారి పాల క్యాన్లు తోముతున్నానమ్మా" అన్నాను. (అమ్మ సండే స్కూలు టీచరు. బీరు అన్న మాట చెవిన పడితే ఆ పూటే నా పేరున ఉపవాస ప్రార్థన మొదలయ్యేది.)

పీపా మెరుగెక్కేకొద్దీ నా భయం కూడా మెరుగెక్కింది. మొదట గరుకు పేపరుతో, తర్వాత సన్నదానితో, చివర పేస్టు రాసి గుడ్డతో రుద్దుతుంటే, మసక స్టీలులోంచి మెల్లగా ఒక మొహం పైకి తేలేది. గడ్డం మోకాళ్లదాకా సాగి, కళ్లు చెవులదాకా పాకిన మొహం. అది నాదేనని తెలుసు. నా వెనక నిలబడ్డ పొడుగాటి మనిషి ఎవరో తెలియలేదు. గిరుక్కున తిరిగాను. కొక్కేనికి వేలాడుతున్న తాత కోటు. "కోటేరా, కోటే" అని పైకే చెప్పుకుని మళ్లీ రుద్దుతుండగా, సరిగ్గా మూడింటికి, పీపాల వెనక గోడలోంచి వినపడింది. టక్. టక్. టక్.

మొదటిరోజు నీళ్ల పైపు అనుకున్నాను. రెండోరోజూ అదే మూడింటికి, అవే మూడు దెబ్బలు. నీళ్ల పైపుకి గడియారం చూడటం వచ్చా? మూడోరోజు, తాత పోయాడు, పని ఎంతవరకు వచ్చిందో కనుక్కుంటున్నాడని తేల్చేసుకున్నాను. పోయినవాడైనా ఇంటి యజమాని, పలకకపోతే మర్యాద కాదు. వణుకుతూ స్పానరుతో పైపు మీద కొట్టాను. రెండే. మూడోదానికి చెయ్యి లేవలేదు. తర్వాత గోడ లోపలినుంచి సన్నగా, సాగదీసుకుంటూ ఒక ఏడుపు వచ్చింది. మెట్లెక్కానో ఎగిరానో గుర్తులేదు, పెరట్లో అరుగు మీద కూర్చుని తేరుకునేసరికి పది నిమిషాలు పట్టింది.

కంచె అవతల నెత్తినుంచి కాళ్లదాకా నల్లబట్టల్లో పక్కింటి మామ్మ ఒకావిడ నిలబడి ఉంది. పాలిష్ మసి కొట్టుకుపోయిన నా మొహం చూసి ఆవిడ కెవ్వుమంది. ఆవిడ అరుపుకి నేనూ అరిచాను.

"ఎవరు నువ్వు?"

"పైగది స్టూడెంటునండి! మీరు నల్లబట్టలు... తాతగారు పోయారా?"

"పోయాడనేగా వేసుకున్నాను! ఇప్పుడు ఆయనే పలికాడు! స్టూడెంట్లంతా వెళ్లిపోయారుగా, ఇంట్లో ఎవరున్నారు?"

విషయం బయటపడటానికి కొంచెం సేపు పట్టింది. ఆ రెండిళ్ల కెల్లర్లకీ గోడ ఒకటే, పైపూ ఒకటే. ఒంటరిగా ఉండే ఇద్దరూ ఏళ్లుగా పెట్టుకున్న ఏర్పాటది. మూడింటికి ఆవిడ మూడు కొడితే 'బాగున్నావా' అని, ఆయన రెండు కొడితే 'ఉన్నాను' అని. ఆయన ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసినా, చెయ్యి ఊరుకోక రోజూ కొడుతోంది. బంధువు కాదని ఆసుపత్రివాళ్లు ఏమీ చెప్పలేదు. ఖాళీ ఇంట్లోంచి రెండు దెబ్బలు వినేసరికి, ప్రాణం పోతూ సెలవు తీసుకుంటున్నాడనుకుని, నల్లబట్టలు తొడుక్కుని ఏడుస్తూ పెరట్లోకొచ్చింది.

"ఆయన మొబైల్‌కి చేశారా?" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఎవరూ ఎత్తకపోతే?"

నేనూ ఆ భయంతోనే చేయలేదు. స్పీకర్ పెట్టి కంచె మీద ఫోనుంచి, ఇద్దరం రెండు మీటర్ల దూరంలో నిలబడ్డాం. మోగింది. మోగుతూనే ఉంది. మామ్మ కళ్లు మూసుకుంది. అప్పుడు దగ్గు, దాని వెనక ఆయాసంతో గొంతు: "హెర్ ఇంజినీర్... పీపాలు అయ్యాయా?"

మామ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అక్కడే గడ్డిలో కూలబడింది.

తాత మూడు వారాలకు ఇంటికొచ్చాడు, సగమై. తడబడుతూ కెల్లర్‌లోకి దిగి, ఏడు పీపాలూ చూసి, "ఆహా" అన్నాడు. తర్వాత ఒకదాని లోపల వేలు పెట్టి తీస్తే వేలు నల్లగా వచ్చింది. "హెర్ ఇంజినీర్, బీరుండేది లోపల" అన్నాడు. లోపల తల పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదని ఎలా చెప్పను? ఆయన నవ్వి, ఆ నవ్వు దగ్గయి, దగ్గినందుకు మామ్మ చేత తిట్లు తిన్నాడు.

కోటును చూసి దయ్యమనుకున్న ఆ మసిమొహం వాడిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడికి వణుకు పుట్టింది, చెయ్యీ సరిగ్గా లేవలేదు. అయినా ఎవరో పలకరిస్తే పలికాడు. ఈమధ్య తలుపు కొట్టినా హెడ్‌ఫోన్లు తీయని నాకన్నా, ఆ పిరికివాడే నయమనిపిస్తుంది.