ఇరుసు మీద కూర్చున్న పెద్దమామ

మా పెద్దమామ పోయాడన్న కబురు నేను బడిలో ఉండగా వచ్చింది. ఫోన్ చేసింది మా ఆయన. "పెద్దనాయిన పోయిండు. పొద్దున చాయ్ తాగి గద్దె మీద ఒరిగిండు, మల్ల లేవలే," అన్నాడు. తర్వాత, "నువ్వే నడుపుకుంట వస్తవా, నన్ను రమ్మంటవా?" అని అడిగాడు. నేనే వస్తానన్నాను. కొంపల్లి నుంచి మా ఊరు అలియాబాద్ దాకా ఏడుస్తూనే వచ్చాను. అయినా ఏ గేరు ఎక్కడ వేయాలో అక్కడే వేశాను. అది పెద్దమామ పెట్టిన భిక్ష.

ఆయన మా మామగారికి అన్న. ఒకప్పుడు ద్రాక్షతోట రైతు. తోట ప్లాట్ల వెంచర్ల పాలయ్యాక ఆయనకు మిగిలింది ఇల్లు, కొంచెం పొలం, ఒక పాత డీజిల్ జీపు, పెద్దత్తమ్మ. ఈ వరస నేను వేసింది కాదు, పెద్దత్తమ్మ వేసింది. "నాకంటె ముందు జీపునే అడుగుతడు," అనేది ఆమె. పిల్లలు లేరు వాళ్లకు. పక్కపక్క ఇళ్లు, మధ్యలో ఒకటే వాకిలి.

2009లో నేను కోడలిగా వచ్చేసరికి ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. పెద్దమామ ఎదుట కోడలు కూర్చోకూడదు. ఆయన వస్తే లేవాలి, తలమీద కొంగు సర్దుకోవాలి, పక్కకు తప్పుకోవాలి. నాకు ఒళ్లు మండేది. ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే దాన్ని, ఇంట్లో తలుపు చాటు మనిషినయ్యాను. ఆయనకూ అది ఇష్టం లేదని తర్వాత తెలిసింది. కానీ ఆయన కట్టుబాటును తెంచే రకం కాదు, దాని పక్కనుంచి దారి చేసుకునే రకం.

ఆ వానాకాలం ఆయన జీపు సామానుకని సుచిత్ర చౌరస్తా దాకా పోయి, పాత పేపర్ల దుకాణం నుంచి ఇంగ్లీషు కార్ల పత్రికలు ఒక కట్ట మోసుకొచ్చాడు. బొమ్మలన్నీ చూశాడు. ఒక అమెరికా కారు దగ్గర ఆగిపోయాడు. స్పోర్ట్స్ కారు, పొడుగాటి మూతి, మూతిమీద ఉరికే గుర్రం.

"బిడ్డా, నువ్వు ఇంగ్లీషు పంతులమ్మవు గద. గిదేం జెప్తాందో సదివి చెప్పు."

నేను గడప లోపల కూర్చుని చదివాను. ఆయన బయట అరుగులాంటి గద్దె మీద, నాకు వీపు పెట్టి విన్నాడు. ఎదురెదురుగా కూర్చోలేదు కాబట్టి ఎవరికీ నోరెత్తే పని లేకపోయింది. అట్లా ఐదేళ్లు నడిచింది మా చదువు.

ఆ కారును ఆయన గుర్రంబండి అనేవాడు. మేం మొదలుపెట్టేనాటికే ఆ తరం కారు వచ్చి నాలుగైదేళ్లయింది. ఆ ఏడాది మూతి మార్చారు, వెనుక దీపాలు మార్చారు, ఇంజను బలం కాస్త పెంచారు. "గంతేనా? పాతింటికి సున్నమేసి కొత్తిల్లంటున్నరు," అని పెదవి విరిచాడు. మరుసటేడు పత్రికలో అసలు సంగతి వచ్చింది. పైన అదే ఒళ్లు, లోపల పూర్తిగా కొత్త ఇంజను. ఒక్కో సిలిండరుకు మూడు కవాటాలుండేవి, నాలుగయ్యాయి. గాలి ఎప్పుడు పీల్చాలో, పొగ ఎప్పుడు వదలాలో వేగాన్ని బట్టి ఇంజనే సర్దుకుంటుంది. బలం దాదాపు మూడోవంతు పెరిగింది. ఆ పేజీ నాతో ఎన్నిసార్లు చదివించాడో. నా బుజ్జిది ఒళ్లో ఏడుస్తున్నా, "ఆ ఒక్క ముక్క మల్ల సదువు బిడ్డా," అనేవాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. గుర్రంబండికి పెద్ద ఇంజను వచ్చిందని తన జీపుకూ వేయించాడు. అలియాబాద్ మెకానిక్ చాచా, "బ్రేకుల సంగతేంది పటేల్?" అని అడిగితే, "పుస్తకంల గా ముచ్చట లేదు," అన్నాడట. మూడోరోజు పొలం నుంచి దిగుతూ, పాత తోట జాగలో, ఒకప్పుడు ద్రాక్షపందిరికి పాతిన రాతికడీని గుద్దాడు. కడీ విరిగింది, జీపు మూతి లోపలికి పోయింది, ఆయన నుదురు బొప్పి కట్టింది. పెద్దత్తమ్మ పసుపు అద్దుతూ అంది: "ద్రాక్ష కాయంగ ఇరగని కడీ, నీ గుర్రం ఇరగ్గొట్టింది."

సాయంత్రం ఆయన మళ్లీ పత్రిక పట్టుకొని గద్దె మీదికొచ్చాడు. "మనం ఇంజను కాడనే ఆపినం బిడ్డా. దాని ఎన్క పేజి సదువు." చదివాను. అంత బలానికి తగ్గట్టు పెద్ద బ్రేకులు కూడా అమర్చుకోవచ్చని, ఒళ్లు గట్టిచేశారని అక్కడే రాసి ఉంది. ఆయన బొప్పి తడుముకుంటూ చాలాసేపు నవ్వాడు. నవ్వొద్దనుకుంటూనే గడప లోపల నేనూ నవ్వాను.

ఆ నవ్వుల రోజుల్లోనే నా నౌకరి ఊగిసలాటలో పడింది. బడికి పోవాలంటే మేడ్చల్ దాకా ఆటో, అక్కడినుంచి కొంపల్లికి బస్సు. సాయంత్రం ఇల్లు చేరేసరికి బుజ్జిది ఏడ్చి ఏడ్చి పడుకునేది. మా ఆయనకు ఫ్యాక్టరీలో షిఫ్టులు. అత్తమ్మ ఒకరోజు తేల్చేసింది: "బిడ్డనన్న సూస్కో, నౌకరన్న జేస్కో. నాతోని అయితలేదు." ఆమె తప్పేం లేదు, ఆమె మోకాళ్లు ఆమెవి. కానీ ఆ బడి నాకు ప్రాణం. అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు. ఆ సాయంత్రం పత్రిక చదువుతూ చదువుతూ మధ్యలో మూసేశాను.

"ఏమైంది బిడ్డా?" వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"నౌకరి ఇడుస్తున్న మామా."

ఆదివారం పొద్దున చూస్తే జీపు వాకిట్లో ఉంది. వెనుక బల్లమీద పెద్దత్తమ్మ కూర్చుని ఉంది. ఆయన నా వైపు చూడకుండా తాళాలు గడప మీద పెట్టాడు. "నువ్వు నడుపు. మేం ఎనుక కూసుంటం."

మా ఇంట్లో ఆడవాళ్లు బండి నడపొద్దని ఎవరూ అనలేదు. అట్లాంటిదొకటి ఉంటుందని ఎవరికీ తట్టలేదు, అంతే. చిక్కల్లా పక్కన కూర్చోవడంలోనే. కోడలి పక్కన ముందుసీట్లో పెద్దమామ కూర్చోవడం కుదరదు. అందుకే వెనుక. "నా కింద ఇరుసు ఉంటది. నువ్వు ముందట ఏం జేసినా నాకు కిందికెల్లి తెలుస్తది," అన్నాడు. నిజంగానే తెలిసేది. క్లచ్ జల్దీ వదిలినా, బ్రేకు ఆలస్యంగా తొక్కినా వెనుకనుంచి దగ్గేవాడు.

చాయ్ హోటల్ దగ్గర ఒకడు ఊరుకోలేక అడిగాడు: "ఏంది పటేల్, కోడలు ముందట, నువ్వు ఎనుకనా?" ఆయన తాపీగా చెప్పాడు: "గుర్రం ముందటనే ఉంటది. టాంగా ఎనుక గుర్రాన్ని కట్టంగ సూసినవా నువ్వు?" నన్ను గుర్రమన్నందుకు నాకు కోపం రాలేదు. మస్తు సంతోషమైంది.

మూడో ఆదివారం కరీంనగర్ రోడ్డు దాటుతుంటే బండి నడిమధ్యలో ఆగిపోయింది. రెండువైపులా లారీలు, హారన్లు. ఎట్లాగో అవతలికి చేర్చి, దిగి, గట్టుమీద కూర్చుని ఏడ్చాను. నాతో కాదు, ఇంటికి పోదామన్నాను. ఆయన దిగి, అటువైపు తిరిగి నిలబడి చెప్పాడు:

"గుర్రంబండికి గా బలం ఒక్కనాడు వచ్చిందా? నువ్వే సదివితివి గద. ముందుగాల సున్నమేసిండ్రు, తర్వాత ఇంజను, దానెంబడి బ్రేకులు, మొన్న స్ప్రింగులు గట్టివి వెట్టిండ్రు. నువ్వింక సున్నం కాడనే ఉన్నవ్. పరేషాన్ గాకు. ఇయ్యాల ఆగుడు నేర్సుకో. ఉరుకుడు తర్వాత సూద్దాం."

నెలరోజులు ఆగడమే నేర్పాడు. కడీని గుద్దినాయన కదా, ఆ పాఠం బాగా చెప్పాడు. పరీక్ష ఎప్పుడు మామా అని అడిగితే, "నాకు కునుకు వట్టిన్నాడు నువ్వు నేర్సుకున్నట్టు," అన్నాడు. ఒకరోజు మేడ్చల్ రోడ్డులో చాలాసేపటినుంచి దగ్గు వినిపించలేదు. అద్దంలో చూస్తే ఆయన తల పెద్దత్తమ్మ భుజం మీద వాలి ఉంది. ఆమె నాకేసి చూసి, మాట్లాడొద్దని పెదవిమీద వేలు పెట్టుకుంది. మేడ్చల్ దాకా పోయి, తిరిగి ఇంటిదాకా వచ్చాను. ఆయన లేవలేదు. నా నౌకరి నిలబడింది. తర్వాత సొంతానికి చిన్న కారు కొనుక్కున్నాం. మొన్న ఏడుస్తూ వచ్చింది ఆ కారులోనే.

గుర్రంబండిలో ఆయనకు అన్నిటికన్నా నచ్చింది బలం కాదు, వెనుక ఇరుసు. ఇంజను ఎంత మారినా, ఆ తరమంతా వెనుక చక్రాలకు ఒకే గట్టి ఇరుసు ఉంచారు. ఆయన జీపుకూ అంతే. పత్రికలవాళ్లు అది పాతకాలపుదని ప్రతి ఏడూ దెప్పుతుంటే ఈయనకు గర్వం. "అమెరికోడు గూడ మన తీరే," అనేవాడు. ఈ ఏడాది కొత్త తరం వస్తోందని, అందులో ఇరుసు తీసేసి ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలేటట్టు చేశారని చదివాను. కుదుపు తగ్గుతుంది, మలుపుల్లో పట్టు బాగుంటుంది అని కూడా చదివాను.

"మంచిదే. కూసున్నోళ్లకు సుఖం," అన్నాడు. మళ్లీ కాసేపటికి, "కాని ఇగ ఒక చక్రం గుంతల వడ్డదని రెండో చక్రానికి తెల్వదన్నట్టు," అన్నాడు. లోపల పెద్దత్తమ్మ చాటతో చెరగడం ఆపింది.

దినాలయ్యాక, ఆనవాయితీ ప్రకారం పెద్దత్తమ్మను ఒక రాత్రి నిద్ర చేయించడానికి మేడ్చల్‌లో పుట్టింటికి తీసుకుపోవాలి. ఆమె తమ్ముళ్లు మంచి కారు తెచ్చారు. ఆమె ఎక్కలేదు. "జీపులనే వస్త. బిడ్డ నడుపుతది," అంది. ఆయన పోయినప్పటినుంచి ఆమె కంటిమీద కునుకు లేదు. ఎవరెంత చెప్పినా రాత్రంతా గోడకు ఆనుకొని కూర్చునేది. జీపులో ఎప్పటిలాగే వెనుక బల్లమీద, తన వైపునే కూర్చుంది. ఆయన కూర్చునే చోటు వదిలిపెట్టింది.

నేను మెల్లగా నడిపాను. మేడ్చల్ రోడ్డులో గుంత రాకముందే బ్రేకు తొక్కి, రెండు వెనుక చక్రాలూ ఒకేసారి దిగేటట్టు దించాను. వెనుకనుంచి ఏ చప్పుడూ రాలేదు. అద్దంలో చూశాను. పెద్దత్తమ్మ ఖాళీ చోటు మీద చెయ్యి పెట్టుకొని, జీపు కడ్డీకి తల ఆనించి, నోరు కాస్త తెరిచి నిద్రపోతోంది. ఆమె తమ్ముడి ఇల్లు వచ్చినా నేను ఆపలేదు. ముందుకే నడుపుతూ పోయాను.