చెరువులో సారం ముడి

గుడియాత్తం అవతల చెరువు పక్కన ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీ ఓనరు ఒకాయన బంగ్లా కట్టించినాడు. కట్టింది వేలూరు మేస్త్రీలు, అంటే మా ఆయన, మా మరిది. గోడ కట్టేటప్పుడు ఎక్కి నిలబడేదానికి కొయ్యలతో సారం, అంటే పరంజా, కట్టడం వీళ్ళకు రోజూ ఉండే పనే. సరుకు కొనేదానికి విదేశాల వాళ్ళు రావడం అప్పుడే మొదలయింది. వాళ్ళ సరదాకని ఓనరు చిన్న కాటమరాన్ తెప్పించినాడు. రెండు సన్నని పడవలను జతగా బిగించి, నడుమ గుంజ నిలబెట్టినట్టుంటుంది. దాని ముందువైపు కట్టాల్సిన పెద్ద తెరచాప పేరు స్పిన్నకర్.

"సారం కట్టేవాళ్ళకు ఇదెంత పని?" అన్నాడు ఓనరు. అంతే, వీళ్ళకు కాళ్ళు నేలమీద నిలవలేదు.

పడవతో వచ్చిన నైలాను తాడు జారుతుందని మా ఆయన పక్కన పడేసినాడు. కొబ్బరితాడు తడిపి తెచ్చినాడు. గోడలకు సారం కొయ్యలు కట్టేది అట్లే. తాడు ఆరేకొద్దీ ముడి బిగుసుకుంటుంది, పనయినాక కోసెయ్యడమే. పొద్దున గాలి లేదు. తెరచాప ఎత్తి, పైతాడూ కింది మూలలూ అదే ముడితో కట్టేసినాడు.

"ఇది విప్పేది ఎట్ల?" అన్నాను.

"విప్పేదానికా ముడి ఏసేది?"

"వదినా, మన ముడి ఊడితే మనిషి పడతాడు" అన్నాడు మరిది.

"అది గోడమీద. ఇది నీళ్ళప్పా!"

"బి.ఏ.లో పడవ పాఠం కూడా ఉండిందా? నువ్వు ఊరికే ఉండమ్మా" అన్నాడు మా ఆయన.

ఊరికే ఉండడం నాకు చేతనైతే గదా. మధ్యాహ్నం తిన్నంతసేపూ వాదించినాను. ఎండకు ముడులు ఆరిపోయినాయి. మరిది నీళ్ళలో దిగి పడవ పట్టుకుంటే, కుదిరిందో లేదో చూస్తానని ఈయన ఎక్కి కూర్చున్నాడు. ఈయనకు ఈత రాదు.

ఆడి నెల, అంటే ఆషాఢం, గాలి ఒక్కసారిగా లేచింది. తెరచాప ఉబ్బి, పడవ మరిది చేతుల్లోనుంచి విడిపించుకొని పోయింది.

"విప్పు! విప్పు!" అని అరిచినాను.

"ముడి రాలేదే!" అని పడవలోనుంచి ఈయన.

తాడు కోసే కొడవలి గట్టుమీద సంచిలో ఉంది. తీసుకొని గట్టు పొడుగునా పరిగెత్తినాను. ఎవరికిచ్చేదానికి? నడిచెరువులో పడవ పక్కకు వొరిగి పడిపోయింది. నల్లటి తల ఒకటి కనబడింది, మునిగింది, మళ్ళీ కనబడింది. పడవ అంచు పట్టుకొని ఉన్నాడు. మరిది ఈదుతున్నాడుగానీ గాలి పడవను ఇంకా దూరం తోస్తా ఉంది. నాకు చేతనైంది నిలబడి చూడడమే.

ఆ గాలే పడవను అవతలి ఒడ్డు ముళ్ళపొదల్లోకి తోసింది. నేను చేరేసరికి మా ఆయన మోకాటిలోతు బురదలో కూర్చొని నీళ్ళు కక్కుతున్నాడు. తలెత్తి కొడవలి చూసినాడు.

"నన్ను నరికేదానికా ఇంత దూరం వచ్చినావు?"

కొడవలి కింద పెడదామంటే వేళ్ళు తెరుచుకోలేదు. మరిది వచ్చి, "వదలు వదినా, వదలమ్మా" అంటా ఒక్కొక్క వేలే విడదీసినాడు.