ఐలేశ్ చెవులూ రెండు యాంప్లిఫైర్లూ

మా ఇంటికీ ఐలేశ్ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. అవతల ఏం మోగినా ముందుగా మా వంటింట్లో గిన్నెలకు తెలుస్తుంది.

కేసముద్రంలో మైకుసెట్ అంటే ఐలేశే. పెళ్లయినా, మీటింగయినా అతని పెట్టెలే రావాలి. బతుకమ్మకైతే మరో మనిషిని పిలవనే పిలవరు. అంతమంది ఆడవాళ్లు ఒక్కసారిగా పాడుతుంటే, పాట ఎత్తుకునే ఐలమ్మ గొంతును పట్టుకుని పైకి తెస్తాడు. ఆఖరి వరుసలో చప్పట్లు కొట్టే పిల్లకు కూడా మాట మాట వినిపిస్తుంది. అందుకే అతని చెవి అంటే ఊరికి గౌరవం. అతనికి ఇంకాస్త ఎక్కువ గౌరవం.

అలాంటివాడు తన ఇంట్లో ఓ మంచి సెట్టు పెట్టుకోవాలనుకోవడం తప్పేమీ కాదు. హైదరాబాద్‌లో ఎవరో ఇల్లు మారుతూ అమ్మేసిన నిలువెత్తు స్పీకర్లు రెండు తెచ్చాడు. వాటి వెనక వైర్లు బిగించే చోట్లు రెండేసి జతలున్నాయి. పై జత సన్న శబ్దాలకు, కింది జత బేస్‌కు. రెండింటినీ కలిపే రేకు ముక్కలు తీసేస్తే పైదానికొక యాంప్లిఫైర్, కిందిదానికొక యాంప్లిఫైర్ విడివిడిగా పెట్టుకోవచ్చట. ఈ సంగతి ఐలేశ్‌కు తెలిసిన రోజు నుంచి మా వాడకు మనశ్శాంతి లేదు.

యాంప్లిఫైర్ కోసం పిల్లకు సంబంధాలు చూసినట్టు తిరిగాడు. వరంగల్‌లో అడుగుపెట్టని షాపు లేదు. చివరికి పైదానికి ఒక చిన్న కొత్తది కొన్నాడు. కిందిదానికి తన మైకుసెట్‌లోని లావుపాటిదే తగిలించాడు. "బేస్‌కు దమ్ముండాలె సార్" అన్నాడు నాతో. రెండింటి వాల్యూం నాబ్‌లనూ ఒకే గీత మీద పెట్టి, సమానమైపోయాయన్నాడు. మైకుసెట్‌లో యాంప్లిఫైర్లన్నీ ఒకే రకం కాబట్టి నాబ్‌లన్నీ ఒకే గీత మీద ఉంచడం వాళ్ల అలవాటు.

అప్పటికే అతనిలో ఒక భయం ఉంది. ఎండాకాలం పెళ్లిళ్లలో పెద్ద పెట్టెల పక్కనే నిలబడి, కొన్నాళ్లు చెవుల్లో గుయ్యిమనే మోత వచ్చింది. మోత పోయింది కానీ భయం పోలేదు. ఇప్పుడు కొత్త సెట్టు పెట్టి వింటే, పాడేవాళ్లందరూ దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టుంది. మాటలు తెలియడం లేదు. తన చెవులు చెడ్డాయని అనుకున్నాడు తప్ప, తాను ఏరికోరి పెట్టిన యాంప్లిఫైర్‌లో తప్పుంటుందని ఐలేశ్ అనుకోలేదు. ఐలేశ్ అంటే అదే మరి. కారణం ఎవరికీ చెప్పకుండా, బతుకమ్మకు రానని ఐలమ్మకు ఫోన్ చేసేశాడు.

ఆ కబురు భార్య రాజీకి చేరింది. ఆ పొద్దున గోడ అవతల గొంతులు లేచాయి.

"బతుకమ్మకు రానన్నవట, ఏంది కథ? ఐలమ్మక్క నన్నడుగుతాంది."

"నా చెవులు పోయినయే రాజీ. పాటల మాటలే ఇనబడ్తలేవు. ఇంక మైకు ఎట్ల జేస్త? మానుకోట దవాఖానకు పోదామనుకుంటున్న." నాకు జాలేసింది.

"యే పాటల?"

"గీ మన సెట్టుల."

"అయ్యో, గా సెట్టులనా! నాగ్గూడ ఒక్క మాట ఇనబడ్తలేదు గద!"

"మరి చెప్పొద్దానే?"

"ఎట్ల చెప్పాలె? ఇన్నొద్దులు తిరిగి ఏరుకొస్తివి. నీ మొగంల గంత సంబురముండె. నాకే పాట సోయి లేదనుకున్న."

అంతలోనే పెరటి గోడ మీద ఐలేశ్ తలకాయ లేచింది. "సార్, జర రాండ్రి."

వెళ్లాను. పాట పెట్టాడు. "నిజం చెప్పుండ్రి సార్. మాటలు ఇనబడ్తున్నయా?"

ఇన్నాళ్ల కోపం ఒక్కసారిగా బయటికొచ్చింది. "మాటలా? సెట్టు పెట్టిన రోజు నుంచి మా ఇంట్లో గిన్నెల మోత తప్ప ఏదీ వినలేదయ్యా!"

ఇంకొకరైతే మొహం మాడ్చుకునేవారు. ఐలేశ్ నన్ను వాటేసుకున్నాడు.

ఆ తర్వాత సెట్టు ముందు గొంతుకూర్చుని లావుపాటి దాని నాబ్ మెల్లగా వెనక్కి తిప్పాడు. బేస్ తగ్గింది. పాడే ఆవిడ ముసుగు తీసింది. మాట వెనక మాట, ఊపిరి తీసుకోవడంతో సహా వినిపించింది. రాజీ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఒక్క గీత మీదున్నా పెద్దది నాలుగింతలు గుంజుతాంది సార్. రేపే పోయి చిన్నదాని జోడీ తెస్త. రెండూ ఒక్క తీరుగ ఉండాలె. గీ లావుదాన్ని మళ్ల మైకుసెట్ల పడేస్త" అంటూనే ఫోన్ తీసి ఐలమ్మకు కలిపాడు.

"అక్కా, బతుకమ్మకు నేనే వస్తున్న. నా చెవులు మంచిగనే ఉన్నయ్!"

"నీ చెవుల ముచ్చట నిన్నెవలడిగిండ్రురా?" అంది ఐలమ్మ, మా అందరికీ వినబడేంత గట్టిగా.

"మంచిగ ఇనబడ్తాందక్కా" అన్నాడు ఐలేశ్, కళ్లు తుడుచుకుంటూ. "ఇంకోసారి తిట్టు."