చిల్లులు లేని అట్టలు

నా మీద పడాల్సిన నిందను ఇరవై ఏళ్లకు పైగా ఇంకొకరు మోశారు. నేను చూస్తూ తిరిగాను. ఎంత బరువో ఎలా చెప్పను? సోలాపూర్ చాదర్ కప్పుకొని పడుకుంటే ఒళ్లంతా గుచ్చుకుంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివరి మాట. సోలాపూర్‌లోని కుంఠా నాకాలో మా వాడంతా మగ్గాల చప్పుడే. చాదర్ మీద పువ్వు పడాలంటే మగ్గం పైన చిల్లులు పొడిచిన అట్టలు వరసగా తిరగాలి. కొన్ని అట్టలకు చిల్లే ఉండదు, అవీ వరసలో ఉండాల్సిందే. వాటన్నిటినీ దారంతో కుట్టి కట్టేది మా పెద్దమ్మ, మా అమ్మకు అక్క. ఆ పనిలో ఆమెకు మంచి పేరు.

నేను కొత్తగా కంప్యూటర్ ఉద్యోగంలో చేరి, ఆమె పనిచేసే కార్ఖానా సేటుకు ఒక ప్రోగ్రాం రాశాను. డిజైన్ ఎక్స్ఎంఎల్ ఫైలుగా వస్తుంది. దాన్ని పార్సర్ అనే ఇంకో చిన్న ప్రోగ్రాం చదివి నా ప్రోగ్రాంకి అందిస్తుంది. ఆ ప్రకారం మెషిన్ అట్టలు పొడుస్తుంది. చిల్లు ఉన్నచోట చుక్క, లేనిచోట ఖాళీ. చిల్లులే లేని అట్టకు వరసంతా ఖాళీయే. మా ఆఫీసులోని పార్సర్ ఆ ఖాళీని ఉన్నదున్నట్టు అందించింది. కార్ఖానాలోది వేరే పార్సర్, అది ఖాళీని మింగేసింది. ఏమీ రాని వరసను నా ప్రోగ్రాం దాటేసింది, ఆ అట్ట మెషిన్‌లోంచి రానేలేదు. ఒకే ఫైలును చదవడానికి ఒక్కొక్కరిదీ ఒక్కో తీరా? వాటిని తయారుచేసినవాళ్ల మీద ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ రెండిటి మీదా నడిపి చూడాల్సింది ఎవరు? నేను. చూడలేదు.

పువ్వులు నలిగి పొట్టిగా వచ్చాయి. సేటు పెద్దమ్మ మీద పడ్డాడు. చిల్లుల్లేనివి చెత్త అనుకొని పారేసిందట! అందరి ముందూ అరిచాడు. కంప్యూటర్‌ను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆమె నా దగ్గరికి వచ్చింది.

"ఆ అట్టలు నాకు రానే రాలే బిడ్డా. కచరా అని పారేసిన్నట. నీ కంప్యూటర్ల ఏమన్న గడ్‌బడ్ ఉన్నదేమో జర చూడు."

అప్పటికే చూశాను. నా తప్పు తెర మీద నాకు కనబడింది.

"మెషిన్ గల్తీ చెయ్యది పెద్దమ్మా."

"అంటే నేనే చేసిన్నంటవా?"

తల వంచుకున్నాను. ఎందుకు? ఉద్యోగం పోతుందనా? వాడలో మొదటి కంప్యూటర్ కుర్రాడన్న గొప్ప పోతుందనా? ఆ గొప్ప కోసమే. సిగ్గులేనివాణ్ని.

ఆమెను పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత, ఏ పార్సర్ ఉన్నా ఒకేలా పనిచేసేలా ప్రోగ్రాంను గుట్టుచప్పుడు కాకుండా సరిచేశాను. పువ్వులు నిండుగా వచ్చాయి.

"చూసినవా?" అన్నాడు సేటు. "ఆమెను తీసేయంగనే పని బరాబర్ అయింది."

నేను చేసిన దిద్దుబాటే ఆమె మీద సాక్ష్యమైంది. అది విని కూడా నోరు మెదపలేదు. ఏం మనిషిని నేను?

పెద్దమ్మ బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో బీడీలు చుడుతూ బతికింది. పోయేదాకా ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆమెకు తెలుసా? తెలిసే ఊరుకుందా? ఇప్పుడు క్షమించమని అడగడానికి మనిషి లేదు, ఉన్నా అడిగే మొహం నాకు లేదు. ఇదిగో, రాశాను. గుండెల్లో కాస్త గాలి ఆడుతోంది, అంతే. ఆ రోజు సేటు ముందు గొంతెత్తి చెప్పాల్సిన మాట ఇప్పుడు మీరైనా వినండి. ఆమె ఒక్క అట్ట కూడా పారేయలేదు. పారేసింది నేను.